మన్నులోని లోహము

మన ఓరుగంటి సీమలో లంకెబిందెల కథ వినని వాడు లేడు. ఊరికొక పాటిగడ్డ, పాటిగడ్డకొక కథ. ఫలానావారి ముత్తాత దున్నుచుండగా నాగలి కఱ్ఱుకు బిందె తగిలెననియు, రాత్రికి రాత్రి వారింట మేడ లేచెననియు చెప్పుకొందురు. ఈ కథలు వినుచు పెరిగిన పడుచువాండ్రు కొందఱు నేడు మెటల్ డిటెక్టరు అను లోహశోధక యంత్రమును కొని తెచ్చుకొనుచున్నారు. ఇతర దేశములలో ఇది తీరిక వేళల వేడుకగా సాగుచున్నది. మీ మనుమడు అట్టి యంత్రమును చేతబట్టి, "తాతా! మన చెలకలో వెదకుదునా?" అని అడిగినచో మీరేమి చెప్పవలెను? వల్లె యనవలెనా, వలదనవలెనా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటయే నేటి నా ప్రసంగము.

మొదట యంత్రమును గూర్చి రెండు మాటలు. పొడవైన కఱ్ఱ చివర పళ్లెము వంటి చక్రముండును. ఆ చక్రములో రాగితీగ చుట్టబడి యుండును. ఆ తీగలో అటునిటు మాఱెడి విద్యుత్తును పారించినచో దాని చుట్టు అయస్కాంత శక్తి వ్యాపించును. ఆ శక్తి నేలలోని లోహమునకు తగిలినప్పుడు ఆ లోహములోను చిన్న విద్యుత్ప్రవాహము పుట్టి, తిరిగి తన శక్తిని చక్రమునకు తెలియజేయును. యంత్రము దానిని మ్రోతగా మార్చి మన చెవికి వినిపించును. ఇందు మంత్రము లేదు, అంజనము లేదు.

దీనికి మూలపురుషులలో నొకడు టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండరు గ్రాహాం బెల్. 1881వ సంవత్సరమున అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డును ఒకడు తుపాకితో కాల్చగా, దేహములో చిక్కిన గుండును కనుగొనుటకు బెల్ ఇట్టి సాధనమును నిర్మించెను. కాని పరుపు క్రింద ఉక్కుతీగల స్ప్రింగులుండుటచే మ్రోత చెడి యత్నము ఫలింపలేదు. మఱి అరువది ఏండ్లకు, 1941లో, పోలండు దేశపు సైనికాధికారి యోజెఫ్ కొసాట్స్కి నేలలో పాతిన మందుపాతరలను కనుగొను యంత్రమును రూపొందించి, పేటెంటు తీసికొనక బ్రిటిషు సేనకు ఉచితముగా నొసగెను. 1942లో ఎల్ అలమీన్ యుద్ధమున అది పెక్కు ప్రాణములను కాపాడెను. ప్రాణరక్షణకై పుట్టిన సాధనము యుద్ధానంతరము పొలముల లోనికి, వేడుకకాండ్ర చేతుల లోనికి వచ్చినది.

ఇక మన నేల సంగతి. ఇచ్చట లోహము దాగియుండుటకు చరిత్రలో బలమైన కారణములు కలవు. బ్యాంకులు లేని కాలమున భూమియే బొక్కసము. కాపు ధాన్యమును పాతరలో దాచినట్లు, వర్తకుడు మాడలను కుండలో పెట్టి గోడ మూలనో, చెట్టు మొదటనో పాతిపెట్టుకొనెడివాడు. కాకతీయుల రాజధానిపై ఢిల్లీ సేనలు పలుమాఱు వచ్చినవి. 1310లో మాలిక్ కాఫరు మట్టికోటను దాటి రాతికోటను ముట్టడింపగా ప్రతాపరుద్రుడు అపారధనమును, ఏనుగులను, గుఱ్ఱములను ఇచ్చి సంధి చేసికొనెను. 1323లో ఉలుఘ్ ఖాను కోటను పట్టుకొనెను. అట్టి దినములలో పాఱిపోవు గృహస్థుడు తాను మోయలేనిదానిని పాతిపెట్టి, మరల వత్తునని వెడలియుండును. ఎందఱు మరల వచ్చిరో భగవంతునికే యెఱుక.

అంత పాత మాట యేల? 1947, 1948 సంవత్సరముల అలజడిలో మన పల్లెలనుండి జనులు రాత్రివేళ పొలిమేరలు దాటిపోయిరి. చార్మినారు బొమ్మ గల హాలీ రూపాయలను, ఆడువారి కడియములను ఇంటినేలలో పాతి పోయినవారి కథలను మీలో కొందఱు మీ తండ్రుల నోట వినియుందురు. కావున నేలలో దొరకు ప్రతి బిందెయు దిక్కులేని సొమ్ము కాదు. దానిని దాచిన చేయి ఒకటి కలదు. ఆ చేతికి వారసులుండవచ్చును.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను. నేలలోని లోహమునకు రెండు విలువలు గలవు. ఒకటి త్రాసు చెప్పునది. రెండవది అది తానే చెప్పునది. మొదటిది కంసాలికి తెలియును. రెండవది లోహము చెక్కుచెదరక, తానున్న చోటుతో సహా మనకు దక్కినప్పుడే తెలియును. ఈ భేదమును కాకతీయుల చరిత్రయే మనకు బోధించుచున్నది.

కాకతీయుల తొలి పూర్వులెవరు? కృష్ణా మండలమునందలి మాంగల్లు గ్రామపు తామ్రశాసనము దీనికి ముఖ్యమైన సాక్ష్యము. 10వ శతాబ్దిలో తూర్పు చాళుక్య రాజగు దానార్ణవుడు కాకర్త్య గుండ్యనుని ప్రార్థనపై చేసిన దానమును అది తెలుపును. గుండ్యనుని పూర్వుల పేర్లను సైతము చెప్పును. మఱి ఆ వంశపు కడపటి రాజు ఏమయ్యెను? ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి గొనిపోవుచుండగా సోమోద్భవానది, అనగా నర్మద, ఒడ్డున ఆయన ప్రాణములు విడిచెనని ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. విలస గోదావరి మండలములోని గ్రామము. ఓరుగంటి రాజుల ఆద్యంతములు ఓరుగంటికి దూరమున, రాగిరేకులపై వ్రాయబడి యుండుట చూడుడు! ఆ రేకులను కంచరి కొలిమిలో పెట్టియున్నచో ఒకటి రెండు చెంబులకు చాలు రాగి వచ్చియుండును. మన రాజు ఎచ్చట కన్నుమూసెనో తెలిపెడి ఆ సాక్ష్యము మాత్రము పొగయై పోయియుండును. ఎన్ని రేకులు అట్లు కరిగిపోయినవో లెక్క చెప్పువారు లేరు.

రాగిరేకుపై అక్షరములుండును గనుక దాని విలువ సులభముగా బోధపడును. నాణెము సంగతి వేఱు. నాణెముపై అక్షరములు తక్కువ. అది దొరకిన చోటు మిగిలిన కథను చెప్పవలెను. ఇందుకు కోటిలింగాల చక్కని నిదర్శనము. గోదావరి ఒడ్డున, నేటి జగిత్యాల జిల్లాలో, ధర్మపురికి దాపున నున్న ఈ గ్రామమున పాతమట్టి దిబ్బలుండెను. సంగనభట్ల నరహరిశర్మగారు అచ్చట దొరకిన చిన్న నాణెములను ఓపికతో సేకరించిరి. అవి బంగారము కావు; త్రాసులో వేసినచో ఎవడును కన్నెత్తి చూడడు. కాని వానిని శాసన పండితులగు పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు చదివి చూడగా, కొన్నిటిపై 'చిముక' యను రాజు పేరు కనబడెను. శాతవాహన వంశమునకు మూలపురుషుడుగా పురాణములు చెప్పు శ్రీముఖుడే యితడని పండితులు తలచిరి. గోబద, నారన, కంవాయ, సమగోప అను రాజుల పేర్లును వెలువడినవి. పిదప 1979 నుండి 1983 వఱకు రాష్ట్ర పురావస్తు శాఖవారు అచ్చట త్రవ్వకములు జరిపిరి. శాతవాహనుల తొలి అడుగులను వెదకువారు తెలంగాణము వైపు చూపు త్రిప్పుటకు ఆ చిల్లర పైసలే కారణము.

ఒక్క మాట ఆలోచింపుడు. అవే నాణెములు హైదరాబాదు అంగడిలో చీటీ లేని సంచిలో దొరకియున్నచో వాని మాట యెంత? 'చిముకుడను రాజు కలడు' అనువఱకే. 'కోటిలింగాలలో దొరకినవి' అను చిన్న వాక్యము వానికి వాక్కు నిచ్చినది. కావున స్థలమును మఱచి లోహమును మాత్రము తెచ్చువాడు ఉత్తరమును చింపి, తపాలాబిళ్లను దాచుకొన్నవాని వంటివాడు.

ఇతర దేశముల నుండి ఒక కథ చెప్పెదను. ఇంగ్లండులో హాక్స్నె అను గ్రామము కలదు. 1992 నవంబరులో అచ్చటి రైతు ఒకడు పొలములో తన సుత్తిని పోగొట్టుకొనెను. లోహశోధన యంత్రము గల మిత్రుడు ఎరిక్ లాస్ అనువానిని పిలిచి వెదకుమనెను. యంత్రము మ్రోగిన చోట త్రవ్వగా వెండి చెంచాలు, బంగారు గొలుసులు, నాణెములు బయటపడినవి. అప్పుడా మనుష్యుడు చేసినది గొప్ప పని: త్రవ్వుట మానెను! సంగతిని అధికారులకు తెలియజేసెను. మఱునాడు పురావస్తు పండితులు వచ్చి మెల్లగా మట్టి తొలగింపగా, ఆ సొమ్ము కొయ్యపెట్టెలో ఏ వస్తువు ప్రక్కన ఏ వస్తువుగా అమర్చబడెనో కూడ తెలిసినది. రోమను కాలపు నాణెములు సుమారు 15,000 లభించినవి. వెలకట్టి 17 లక్షల 50 వేల పౌనులు బహుమానముగా నిచ్చిరి. కనుగొన్నవాడు దానిని రైతుతో పంచుకొనెను. పోయిన సుత్తియు దొరకినది. నేడది బ్రిటిషు మ్యూజియమున ఆ నిధితో కలిసియున్నది.

ఈ కథలో యంత్రము గొప్పది కాదు, చేయి ఆపుట గొప్పది. ఆంగ్లేయులు 1996లో నిక్షేపములకు క్రొత్త చట్టము చేసికొని, 1997 నుండి సామాన్యులకు దొరకు చిన్న వస్తువులను సైతము నమోదు చేయు పద్ధతిని నెలకొల్పిరి. పది లక్షలకు మించిన వస్తువులు ఆ పట్టికకెక్కినవి. వేడుకకాండ్రను చరిత్రకు సేవకులనుగా చేసికొన్న విధమిది.

మన సీమలో ఏమి జరుగుచున్నది? గుప్తనిధుల వేట యను పేర రాత్రివేళ గుడులను త్రవ్వుచున్నారు. శాసనములను చూచుటకై ఊళ్లు తిరుగు నేను చెఱువుకట్టల క్రింది పాడుగుళ్లలో పెల్లగింపబడిన పానవట్టములను, నడుము విఱిగిన నందులను కంటిని. ఒకచోట నంది కడుపును ఉలితో తొలిచియుండిరి. ఆ నంది ఒకే రాతి నుండి మలచినది. చుట్టును అతుకు లేని శిలలో బంగారమును ఎవడు, ఏ దారిని పెట్టగలడు? ఈపాటి ఆలోచన ఉన్నచో ఆ ఉలి లేచియుండెడిది కాదు. ప్రతిష్ఠాకాలమున దేవుని అడుగున ఉంచెడివి యంత్రపు రేకు, నవధాన్యములు, శాస్త్రమునకై రవ్వంత బంగారము. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట అనగా నిదియే.

దీనిలో మఱొక కీడు కలదు. కాకతీయ శిల్పులు తమ గుడులకు పునాది గోతిని త్రవ్వి, దానిని ఇసుకతో నింపి, దానిపై కట్టడము నిలిపిరి. 1213 నాటి రామప్ప గుడి, 1163 నాటి వేయిస్తంభముల గుడి ఈ పద్ధతికి ప్రసిద్ధములు. ఇసుక కదలక బిగిసి యున్నంతవఱకే పై బరువు నిలుచును. ప్రక్కన గోయి త్రవ్వినచో ఇసుక జాఱును. ఇసుక జాఱినచో స్తంభము ఒరగును. నిధికై త్రవ్వినవాడు ఒక రాత్రిలో వెడలిపోవును. గుడి మాత్రము వాన వానకు క్రుంగుచుండును. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా రామప్పను యునెస్కో గుర్తించినది. అదే చేతులు నిర్మించిన చిన్న గుడులు మన పల్లెలలో ఎన్ని దిక్కులేక యున్నవో మీకే తెలియును.

ఈ వేటను ఆశ్రయించి బ్రతుకు మోసగాండ్రును గలరు. ఒకడు అంజనము వేయుదుననును. ఒకడు బియ్యపు గింజలను లాగెడి చెంబు కలదనును. వేఱొకడు ఇరువది అడుగుల లోతున బంగారమును మాత్రమే చూపు యంత్రము తెచ్చితిననును. నిజము వినుడు. సామాన్య యంత్రము ఒక్క నాణెమును జానెడు లోతున, బాగుగ నున్న చోట మూరెడునకు లోపున మాత్రమే కనిపెట్టగలదు. పెద్ద బిందె యైనచో రెండు మూడడుగులు. బంగారమునకును సీసా మూతకును తేడా తెలుపుటలో అది పలుమాఱు తడబడును. మన చెలకలలో ఇనుప చిట్టెము, విఱిగిన కఱ్ఱు, ఎద్దునాడ, బోల్టు దినమంతయు మ్రోగుచునే యుండును. ఇనుము పాలెక్కువగా గల రాతినేల సైతము యంత్రమును మభ్యపెట్టును. ముందుగా సొమ్మడుగువాడు నిధిని చూపడు. మీ నిధిని తీసికొనిపోవును.

చట్టమేమి చెప్పుచున్నదో ఇక విన్నవించెదను. 1878 నాటి భారత నిక్షేప చట్టము ప్రకారము, నేలలో దాగిన విలువగల వస్తువు ఏదైనను నిక్షేపమే. దాని విలువ పది రూపాయలకు మించినచో దొరకినవాడు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలిపి, సొమ్మును ఖజానాలో అప్పగింపవలెను; లేదా కోరినప్పుడు చూపుదునని జామీను ఈయవలెను. పిమ్మట కలెక్టరు ప్రకటన చేసి, హక్కుదారులను పిలిచి విచారించును. దొరకిన నాటికి వంద ఏండ్ల లోపున దానిని దాచినవారో, వారి వారసులో వచ్చి చెప్పుకొన్నచో ఆ హక్కు న్యాయస్థానమున తేలును. 1948లో దాచిన సొమ్ము నేటికిని ఆ గడువులోనిదే యని గుర్తుంచుకొనుడు. ఎవరును లేనిచో, వేఱు ఒడంబడిక లేనప్పుడు, మూడు పాళ్లు కనుగొన్నవానివి, ఒక పాలు భూస్వామిది. ప్రభుత్వము తానే తీసికొనదలచినచో లోహపు వెలకు అందు అయిదవ వంతు చేర్చి చెల్లించును. తెలుపక దాచినవాడు తన పాలును పోగొట్టుకొనుటయే గాక, ఒక యేడు వఱకు చెఱసాలకును పాత్రుడగును.

ఇది దొరకినదానిని గూర్చిన చట్టము; వెదకుటకు ఎల్లచోట్లను హక్కు నిచ్చునది కాదు. 1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టము ప్రకారము రక్షిత స్థలమున అనుమతి లేక త్రవ్వరాదు. ఓరుగల్లు కోట అట్టి రక్షిత స్థలము. కట్టడమును చెఱచినవానికి, 2010 సవరణ తరువాత, రెండేండ్ల వఱకు ఖైదు, లక్ష రూపాయల వఱకు జరిమానా. వంద ఏండ్లు నిండిన నాణెములు, విగ్రహముల వంటివి 1972 చట్టము ప్రకారము పురావస్తువులు. వానిని దేశము దాటించుట సామాన్యునికి నిషిద్ధము.

2021 ఏప్రిలులో, ఇత్తడి పనికి పేరుగాంచిన పెంబర్తిలో, జనగామ దాపున, భూమిని చదును చేయుచుండగా బంగారు వెండి నగలు గల లోహపాత్ర యొకటి బయటపడినది. జనులు గుమికూడి పూజలు చేసిరి; అధికారులు వచ్చి వస్తువులను తూచి, వ్రాసికొని, స్వాధీనము చేసికొనిరి. వినువారికి ఇది నష్టముగ తోచవచ్చును. కాని ఆ నగలు కొలిమికి పోలేదు. అవి దొరకిన చోటు కాగితమున కెక్కినది. ఇదియే లాభము.

ఇక మీ మనుమడు ఈ వేడుకను ఎట్లు ఆరంభింపవలెను? నేను చెప్పు క్రమమిది. మొదటి యేడు యంత్రమును ముట్టక, కన్నులతో వెదకవలెను. తొలకరి వాన వెలసిన మఱునాడు పాటిగడ్డపై నడచి, త్రవ్వక, తీయక, పైకి తేలిన పెంకులను, పూసలను చూచి గుర్తుపట్ట నేర్వవలెను. హైదరాబాదులో పబ్లికు గార్డెన్సు నందలి రాష్ట్ర మ్యూజియమునకు పోయి నాణెములను చూడవలెను. రెండవ యేడు యంత్రమును తన పెరటిలోనే పట్టవలెను. ఒక రాగి పైసను, ఒక మేకును, ఒక సీసా మూతను వేఱువేఱు లోతుల పాతి, దేని మ్రోత యెట్లుండునో చెవికి అలవాటు చేయవలెను. మోటారు తీగలు పాఱు చోట గునపము వేయరాదు. అది ప్రాణమునకు ముప్పు. పిదప పొలమున పోయిన ఉంగరమును, విఱిగిన నాగలి ముక్కను, పశువు కాలిలో దిగబోవు మేకును వెదకి ఊరికి ఉపకారము చేయవచ్చును. గుడి చెంత, కోట చెంత, పాటిగడ్డపై యంత్రము పట్టరాదు.

ఒకవేళ పాత వస్తువు తగిలినచో నాలుగు పనులు. చేయి ఆపుట; చోటును గుర్తించుట; పుస్తకములో వ్రాయుట; తెలియజేయుట. ఊరు, సర్వే నెంబరు, తేది, ఎంత లోతు, బావికో చెఱువుకో ఎన్ని అడుగుల దూరము, ప్రక్కన పెంకులున్నవా, బూడిదయున్నదా అనునవి వ్రాయవలెను. వస్తువును చింతపండుతో తోమరాదు! ఇంటి చెంబునకు అది మేలు. పాత రాగికి చేటు. పచ్చని చిలుముతో పాటు అక్షరములును పోవును. తహసీలుదారునకు గాని, వారసత్వ శాఖకు గాని తెలిపినచో, ఆ పుస్తకమే మీ పిల్లవానికి రక్ష.

యంత్రము లేనివారికిని ఇందు పాలు కలదు. 2015లో మిషన్ కాకతీయ పేర చెఱువుల పూడిక తీయ నారంభించినప్పుడు మీరే ఆ మట్టిని చెలకలకు తోలుకొంటిరి. చెఱువుమట్టిలో, పాటిమట్టిలో పాతకాలపు వస్తువు లేవైనను కనబడినచో ఎవరును యంత్రము పట్టనక్కఱలేదు. బండి ఆపిన చాలును. గట్టుపై పడియున్న వ్రాతరాయిని మెట్టుగా వేయకున్న చాలును. రుద్రమదేవి మరణమును తెలుపునది నల్లగొండ సీమలోని చందుపట్ల గ్రామపు 1289 నాటి రాతిశాసనమే. అది ఏ నిధికిని తీసిపోదు.

పెద్దలారా! మనుమడు అడిగినప్పుడు "వెదకుము నాయనా, కాని తొందరపడి త్రవ్వకుము, దొరకినచో దాచకుము" అని చెప్పుడు. ఊరిలో రాత్రివేళ గుడి దిక్కున గునపము చప్పుడు వినబడినచో, అది ఎవరి పనియో నాకేల యని పడుకొనక నలుగురిని లేపుడు. చట్టము కచేరిలో నుండును. గుడి ఊరిలో నుండును. ఆ రెంటికి నడుమ నిలువవలసినవారు మీరే.